ఎకో రిపోర్టులో ‘లీక్’ అని ఉందా? ముందు ఇది చదవండి

గుండె స్కానింగ్ చేయించుకుంటే రిపోర్టులో ఎంఆర్ అనో, టీఆర్ అనో రాసి ఇస్తారు. ‘వాల్వు లీక్ ఉందట’ అన్న మాట ఇంటికి చేరేసరికి ‘గుండెకు రంధ్రం పడిందట’ అయిపోతుంది. ఇవి రెండూ వేరు. రంధ్రం అంటే గుండె గదుల మధ్య గోడలో ఉండే సందు. లీక్ అంటే తలుపు సరిగ్గా మూసుకోకపోవడం.

గుండెలో 4 గదులు, 4 వాల్వులు ఉంటాయి. రక్తం ముందుకు పోగానే వాల్వు మూసుకోవాలి. మూసుకోకపోతే కొంత రక్తం వెనక్కి వస్తుంది. బావి మోటారుకు ఫుట్‌వాల్వు పాడైతే పైపులో నీళ్లు వెనక్కి జారిపోతాయి కదా, అలాంటిదే ఇది.

రిపోర్టులో మొదటి అక్షరం ఏ వాల్వో చెబుతుంది: ఎం అంటే మైట్రల్, ఏ అంటే అయోర్టిక్, టీ అంటే ట్రైకస్పిడ్, పీ అంటే పల్మనరీ. చివర ఆర్ ఉంటే లీక్. ఎస్ ఉంటే వాల్వు ఇరుకైందని అర్థం, దాని చికిత్స వేరు.

అసలు చూడాల్సింది పక్కనున్న మాట. ట్రివియల్, మైల్డ్ అంటే కొద్దిగా అని. మోడరేట్ అంటే మధ్యస్థం, సివియర్ అంటే ఎక్కువ. ఏ జబ్బూ లేని చాలామందికి కూడా ట్రివియల్ టీఆర్ కనిపిస్తుంది. దానికి ఆపరేషన్ ఉండదు. ఆ ఒక్క మాట చూసి అప్పు చేసి పెద్దాసుపత్రులు తిరగాల్సిన పని లేదు, మీ డాక్టరుకు ఒకసారి చూపిస్తే చాలు.

ఇక ఈఎఫ్ అనే అంకె. ఎడమ కింది గదిలో నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకు ఎంత శాతం బయటకు వెళ్తుందో ఇది చెబుతుంది. ఇదేం పరీక్ష మార్కు కాదు, ఎవరికీ 100 రాదు. 55 నుంచి 70 మధ్య ఉంటే మామూలే.

అయితే ఇక్కడే చాలామంది పొరబడతారు. సివియర్ ఎంఆర్ ఉన్నవారికి ఈఎఫ్ 60 ఉన్నా బాగుందని అనుకోకూడదు. వెనక్కి పోయే రక్తం కూడా ఆ లెక్కలోనే కలుస్తుంది కాబట్టి అంకె పెద్దగా కనిపిస్తుంది. అందుకే సివియర్ ఎంఆర్‌లో ఈఎఫ్ 60కి గానీ అంతకంటే కిందికి గానీ వచ్చినా, ఎల్‌విఐడిఎస్ అన్న చోట 40 మిల్లీమీటర్లు లేదా ఎక్కువ ఉన్నా, ఆయాసం లేకపోయినా డాక్టర్లు ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. ‘నాకేం కాలేదు, పొలం పని చేస్తూనే ఉన్నా’ అని వాయిదా వేస్తే గుండె సాగిపోతుంది. ఆ తర్వాత వాల్వు బాగు చేసినా పాత బలం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. పాత రిపోర్టులు పారేయకండి. అంకె ఎటు పోతోందో పాత, కొత్త రిపోర్టులు పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది.

నడిస్తే ఆయాసం, పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవడం, కాళ్ల వాపు ఉంటే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. ఉన్నట్టుండి ఊపిరి అందకపోతే వెంటనే 108కి ఫోన్ చేయండి.

మన దగ్గర వాల్వు పాడవడానికి ఒక ముఖ్య కారణం చిన్నప్పటి గొంతు నొప్పి తర్వాత వచ్చే రుమాటిక్ జ్వరం. పిల్లలకు 21 రోజులకోసారి పెనిసిలిన్ ఇంజెక్షన్ రాసి ఉంటే, ‘ఇప్పుడు బాగానే ఉన్నాడుగా’ అని మీ అంతట మీరు ఆపకండి.

తెలంగాణలో ఆహార భద్రత కార్డు ఉన్న కుటుంబానికి రాజీవ్ ఆరోగ్యశ్రీ కింద ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు వైద్యం అందుతుంది. వాల్వు మార్పిడి ఆపరేషన్లు ఇందులో ఉన్నాయి. కార్డు, ఆధార్, రిపోర్టులన్నీ తీసుకుని నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలవండి. అనుమతికి ఆన్‌లైన్‌లో పంపేది ఆసుపత్రే. అనుమతి వచ్చిన చికిత్సకు డబ్బు అడిగితే 104కి ఫోన్ చేసి చెప్పండి.

లోహపు వాల్వు వేస్తే రక్తం పలచబడే మాత్ర జీవితాంతం వాడాలి, ఐఎన్‌ఆర్ పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. ఇంకా పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లు ఆ సంగతి ఆపరేషన్‌కు ముందే డాక్టరుకు చెప్పాలి. ఆ మాత్ర కడుపులో బిడ్డకు హాని చేయగలదు కాబట్టి, ఏ రకం వాల్వు వేయాలో అప్పుడే మాట్లాడుకోవాలి.