కారు తెర మొరాయిస్తే

కొత్త కారు తెర ఉన్నట్టుండి నల్లబడిపోయిందని ఎవరు ఫోను చేసినా నేను ముందు అడిగేది ఒక్కటే: కళ్ళకు కూలింగ్ గ్లాసులు ఉన్నాయా? ఉంటే తీసి చూడు నాన్నా. తీయబుద్ధి కాకపోతే అలాగే ఉంచుకుని తల మెల్లగా ఒక భుజం మీదికి వంచు. వంచుతున్న కొద్దీ తెర వెలుగుతూ, మళ్ళీ చీకటవుతూ ఉంటే నీ కారుకు ఏ జబ్బూ లేదు.

కాంతి తరంగం కదా, ముందుకు పోతూనే అడ్డంగానో నిలువుగానో ఏటవాలుగానో కంపిస్తుంటుంది. ఎల్‌సీడీ తెరలో ద్రవస్ఫటికాల పొరకు అటొకటి ఇటొకటి పోలరాయిడ్ రేకులుంటాయి. ఒక్కో రేకు ఒకే దిక్కున కంపించే కాంతినే పోనిస్తుంది. ఆ రెండింటి మధ్య ద్రవస్ఫటికాలు, తమకు అందే వోల్టేజిని బట్టి ఆ కంపనం దిక్కును తిప్పుతాయి. దాంతో కొన్ని చుక్కలు వెలుగుతాయి, కొన్ని ఆరిపోతాయి. అలా తెర మీంచి నీ కంటికి చేరే కాంతంతా ఒకే దిక్కున కంపిస్తూ వస్తుంది. పోలరైజ్డ్ కళ్ళజోడు పని ఎండలో రోడ్డు మీంచి అడ్డంగా కంపిస్తూ వచ్చే మెరుపును ఆపడం. తెర కాంతి దిక్కు ఆ జోడుకు కుదరలేదనుకో, తెరనూ ఆపేస్తుంది. ముందు అద్దం మీద వేగం చూపించే హెడ్-అప్ డిస్‌ప్లే ఉన్న కార్లలో ఇది ఇంకా బాగా తెలుస్తుంది. అద్దం మీద పడి తిరిగొచ్చే ఆ వెలుగు చాలావరకు అడ్డంగానే కంపిస్తుంది మరి. ఈ ద్రవస్ఫటికాలను 1888లో గమనించినవాడు ఫ్రెడ్రిక్ రైనిట్జర్ అనే ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త. కొలెస్టరాల్ నుంచి తయారైన ఒక పదార్థాన్ని వేడిచేస్తే 145 డిగ్రీల దగ్గర కరిగి మసక ద్రవమైంది, 178 దాటాక గానీ తేటపడలేదు. ఆ మసక ద్రవం ఏమిటా అని ఆయన పట్టుబట్టి అడిగాడు కాబట్టే ఇవాళ మన ముందు ఈ తెరలున్నాయి.

తెర మీద కనబడే లోపం చాలాసార్లు తెరలో పుట్టింది కాదు. ఎక్కడ పుట్టిందో వెనక్కి వెతుక్కుంటూ పోవాలి. వెతకాలంటే ముందు కారులో ఎవరు ఎవరితో మాట్లాడుకుంటారో తెలియాలి.

స్టీరింగు వెనక వేగం, పెట్రోలు చూపించేది క్లస్టర్. మధ్యలో పాటలు, మ్యాపులు, వెనక కెమెరా చూపించేది ఇన్ఫోటైన్‌మెంట్. పక్కపక్కనే ఉన్నా చాలా కార్లలో ఈ రెండూ వేర్వేరు కంప్యూటర్లు. ఇంజనుకు ఒకటి, బ్రేకులకు ఒకటి, ఎయిర్‌బ్యాగులకు ఒకటి ఇంకా వేరే ఉంటాయి. వీటన్నిటినీ కలిపేది మెలితిప్పిన రెండు సన్నని తీగలు. దాన్ని క్యాన్ బస్ అంటారు. జర్మనీలోని బాష్ కంపెనీ 1986లో లోకానికి చూపించిన పద్ధతి ఇది. పూర్వం ఊళ్ళో దండోరా వేసేవారు చూడు, క్యాన్ పని అచ్చం అదే. బ్రేకుల కంప్యూటరు "చక్రాలు ఇంత వేగంగా తిరుగుతున్నాయి" అని ఒకసారి చాటుతుంది. వీధిలో అందరికీ వినబడుతుంది, పనున్నవాళ్ళు అందుకుంటారు. క్లస్టర్ అందుకుని ముల్లు కదుపుతుంది, ఇన్ఫోటైన్‌మెంట్ అందుకుని పాట శబ్దం కొంచెం పెంచుతుంది.

తీగలు రెండెందుకంటే, ఒకదాని వోల్టేజి పైకి పోయినప్పుడు రెండోదాని వోల్టేజి కిందికి దిగుతుంది. ఊరకున్నప్పుడు రెండూ సుమారు రెండున్నర వోల్టుల దగ్గరుంటాయి. మాట చెప్పేటప్పుడు ఒకటి మూడున్నరకు ఎక్కుతుంది, రెండోది ఒకటిన్నరకు దిగుతుంది. వినేవాడు రెండింటి తేడానే చూస్తాడు. ఇంజనులో రేగే విద్యుత్తు గోల రెండు తీగల మీదా సమానంగా పడుతుంది కాబట్టి తేడా చెక్కుచెదరదు. మెలితిప్పడం కూడా అందుకే. బస్ రెండు చివర్లా 120 ఓముల నిరోధం ఒక్కొక్కటి ఉంటుంది. తెలిసిన ఎలక్ట్రీషియన్ బండి ఆపి మీటరు పెడితే రెండు తీగల మధ్య 60 ఓములు కనబడాలి. 120 కనబడిందంటే ఎక్కడో ఒక కొస తెగింది. ఇంత గొప్ప నిర్మాణానికి ఇంత సులువైన పరీక్ష ఉండటం నాకెప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

మధ్య తెర మాట వినకపోతే ముందు క్లస్టర్ వైపు చూడు. తాళం తిప్పగానే క్లస్టర్‌లో దీపాలన్నీ ఒక్కసారి వెలిగి, కొద్దిసేపట్లో ఒక్కొక్కటే ఆరిపోతాయి. అది అలంకారం కాదు, దీపాలు బతికే ఉన్నాయని కారు నీకు చూపించే పరీక్ష. ఆరకుండా ఉన్న దీపాన్ని అందరూ పట్టించుకుంటారు, మొదట్లో వెలగాల్సింది వెలగకపోతే ఎవరూ చూడరు. ఎయిర్‌బ్యాగు దీపం మొదట్లో అసలు వెలగకపోతే అది కూడా లోపమే. ఎర్ర దీపమైతే బండి పక్కకు తీసి ఆపు, పసుపుపచ్చదైతే త్వరగా చూపించు. క్లస్టర్ శుభ్రంగా ఉండి మధ్య తెర ఒక్కటే ఆగిపోతే కంగారు పడనక్కర్లేదు, బండి నడుస్తుంది. వెనక్కి తీసేటప్పుడు మాత్రం కెమెరా లేదని గుర్తుపెట్టుకుని మెడ తిప్పి చూసుకో.

ఒకేసారి నాలుగైదు హెచ్చరికలు వెలిగి, తెర ఆగి మళ్ళీ మొదలై, గడియారం తప్పు చూపిస్తోందనుకో. అన్ని భాగాలూ కట్టగట్టుకుని ఒకే రోజు చెడిపోవు. బ్యాటరీని అనుమానించు. సెల్ఫ్ కొట్టినప్పుడు మోటారు ఒక్కసారిగా వందల ఆంపియర్లు లాగుతుంది, ఆ క్షణంలో వోల్టేజి పడిపోతుంది. బ్యాటరీ బలంగా ఉంటే తెర తట్టుకుంటుంది, నీరసపడితే ఆరిపోయి మళ్ళీ లేస్తుంది. కారు కొత్తదే కదా అనకు. అమ్ముడుపోక ముందు యార్డులో నెలల తరబడి నిలబడిన బండి బ్యాటరీ నీ చేతికి వచ్చేసరికే అలసిపోయి ఉండొచ్చు. రాత్రంతా ఆగి ఉన్న బండిలో పొద్దున్నే మల్టీమీటరు పెడితే 12.6 వోల్టుల దాకా చూపాలి, ఇంజను నడుస్తుంటే 14 దగ్గర ఉండాలి. సెల్ఫ్ కొట్టే క్షణాన 9.6 కంటే కిందికి జారితే బ్యాటరీని పరీక్ష చేయించు. ముందు టెర్మినల్ వదులైందేమో కూడా చూడు.

ఫోను తెర మీదికి రావడం లేదన్నది అందరిదీ ఒకటే గోడు. ఆపిల్ కార్‌ప్లే 2014లో, ఆండ్రాయిడ్ ఆటో 2015లో జనం చేతికి వచ్చాయి. రెండింటిలోనూ మ్యాపు నడిచేది ఫోనులోనే. ఫోను ఆ బొమ్మను వీడియోగా పంపిస్తుంది, నీ వేలు తాకిన చోటును కారు తిరిగి ఫోనుకు చెబుతుంది. మ్యాపు ఆగి ఆగి కదులుతుంటే ముందు చూడాల్సింది ఫోనునూ, మధ్యనున్న తీగనూ అన్నమాట. మామూలు యూఎస్‌బీ తీగలో కరెంటుకు రెండు, సమాచారానికి రెండు తీగలు ఉండాలి. చౌక తీగల్లో కొన్నింటికి కరెంటువి మాత్రమే ఉంటాయి. ఛార్జింగ్ అవుతుంది, బొమ్మ రాదు. ఇంకో సంగతి. ఫోను ఆపేసి ఛార్జింగు రంధ్రంలోకి టార్చి వేసి చూడు. జేబులోని నూగంతా అడుగున చేరి, తీగ దూర్చిన ప్రతిసారీ నొక్కుకుని నొక్కుకుని చిన్న బిళ్ళలా గట్టిపడుతుంది. ప్లగ్ పూర్తిగా లోపలికి పోదు, గతుకు తగిలినప్పుడల్లా మ్యాపు మాయమవుతుంది. పళ్ళు కుట్టుకునే చెక్కపుల్లతో ఓర్పుగా తీసెయ్. పిన్నీసు మాత్రం పెట్టకు. తీగ లేకుండా కలపడంలో బ్లూటూత్ పని పరిచయం చేయడం వరకే, వీడియోను మోసేది వైఫై. ఫోనులో వైఫై ఆపేసుకుంటే ఆ బొమ్మ రాదు.

తీగా ఫోనూ బ్యాటరీ అన్నీ బాగున్నా తెర పిచ్చిగా ప్రవర్తిస్తే? అప్పుడు సాఫ్ట్‌వేర్ వంతు. మన తెలుగువాళ్ళు చాలామంది ఉంటున్న సియాటిల్‌లో 2022 జనవరి చివరి వారంలో ఒక వింత జరిగింది. 2014 నుంచి 2017 మధ్య మోడళ్ళ మాజ్దా కార్లు కొన్నింటిలో రేడియో 94.9 దగ్గర ఇరుక్కుపోయింది. మరో స్టేషనుకు పోదు, బ్లూటూత్ లేదు, వెనక కెమెరా లేదు. తెర ఆరిపోయి మళ్ళీ మొదలవడం, ఎంతకూ తేరుకోకపోవడం. ఆ కార్లన్నింటిలో పెట్టి ఉన్నది కేయూఓడబ్ల్యూ అనే ప్రజా రేడియో. అక్కడి హెచ్‌డీ రేడియోలో మాటతో పాటు చిన్న బొమ్మలు కూడా ప్రసారమవుతాయి. బొమ్మ ఫైలు పేరు చివర అది ఏ రకం ఫైలో చెప్పే అక్షరాలుంటాయి. ఆ వారం వచ్చిన కొన్ని బొమ్మలకు ఆ అక్షరాలు లేవు. పాత సాఫ్ట్‌వేర్ ఉన్న కార్లు ఆ బొమ్మను ఏం చేయాలో తెలియక కూలబడ్డాయి. మళ్ళీ లేచి మళ్ళీ అక్కడే పడ్డాయి. తెర వెనకున్న యూనిట్టే మార్చాల్సి వచ్చింది. దాని ఖరీదు సుమారు 1,500 డాలర్లని డీలర్లు చెప్పారు, చివరికి కంపెనీయే ఉచితంగా మార్చేందుకు ఒప్పుకుంది. యజమానులు చేసిన తప్పేమీ లేదు, రేడియో విన్నారంతే. బయటి నుంచి వచ్చే ప్రతిదాన్నీ అనుమానంగా చూసేలా సాఫ్ట్‌వేర్ రాయాల్సిన బాధ్యత తయారుచేసినవాడిదే అని నేను గట్టిగా నమ్ముతాను.

అమెరికాలో 2021లో టెస్లా సుమారు 1,35,000 కార్లను వెనక్కి పిలిచింది. అక్కడ కారణం ఇంకొకటి. తెర కంప్యూటరులోని 8 జీబీ ఫ్లాష్ మెమరీ అరిగిపోయింది. ఫ్లాష్‌లో ఒక్కో గడిని ఇన్నిసార్లే చెరిపి రాయగలం, ఆ కంప్యూటరేమో తన దినచర్యను ఆపకుండా రాసుకుంటూ పోయింది. నువ్వు డాష్‌క్యామ్ పెట్టించుకునేటప్పుడు ఇది గుర్తుంచుకో. పగలంతా చెరిపి రాస్తూనే ఉంటుంది కాబట్టి మామూలు కార్డు త్వరగా పోతుంది. హై ఎండ్యూరెన్స్ అని రాసి ఉన్న కార్డు కొను.

కింది వేరియంటు కొని బయట పెద్ద తెర పెట్టించుకోవడం మన దగ్గర మామూలే, నేను కాదనను. దుకాణంలో అడగాల్సింది తెర ఎన్ని అంగుళాలని కాదు, కారు తీగలు కోస్తారా లేదా అని. నీ మోడలుకు సరిపోయే కప్లర్ దొరికితే పాతది ఊడదీసి కొత్తది దూర్చడమే, ఒక్క తీగా తెగదు. స్టీరింగు మీది మీటలు పనిచేయడానికి క్యాన్ దండోరాను చదివే చిన్న పెట్టె కూడా ఇస్తారు, మోడలుకు తగ్గది కాకపోతే మీటలు పలకవు. తీగలు కోసి టేపు చుడితే ఆ టేపు మన ఎండలకు జారిపోతుంది, రేపు వారంటీ అడిగేటప్పుడు ఆ కోతే నీకు అడ్డొస్తుంది. చాలా స్టీరియోల్లో పసుపు తీగకు ఎప్పుడూ కరెంటు ఉంటుంది, ఎర్ర తీగకు తాళం తిప్పితేనే వస్తుంది, నల్లది ఎర్త్. ఎరుపూ పసుపూ తారుమారైతే బండి ఆపిన ప్రతిసారీ నువ్వు పెట్టుకున్న స్టేషన్లన్నీ మరిచిపోతుంది. రెండూ పసుపుకే కలిపితే తాళం తీసినా స్టీరియో నిద్రపోదు, రెండు రోజుల్లో బ్యాటరీ ఖాళీ. క్లస్టర్‌ను మాత్రం బయట మార్పించకు. తిరిగిన కిలోమీటర్ల లెక్క ఉండేది అందులో, చాలా కార్లలో తాళం భద్రత కూడా దానితోనే ముడిపడి ఉంటుంది.

తెర పెద్దదైతే అంతా మంచే అనుకోకు. స్వీడన్ పత్రిక ‘వి బిలాగరే’ 2022లో కార్లను గంటకు 110 కిలోమీటర్ల వేగంతో నడిపించి, ఏసీ మార్చడం, రేడియో తిప్పడం లాంటి పనులు చేయించి చూసింది. మీటలున్న 2005 నాటి వోల్వోలో పది సెకన్లలో అయిపోయాయి. టచ్ తెర ఉన్న ఎంజీ కారులో నలభై సెకన్లు దాటాయి, ఈలోగా బండి కిలోమీటరుకు పైగా పోయింది. నీ కారులో ఏసీకి, శబ్దానికి ఉన్న గుండ్రటి నాబ్‌లను తీసేయాల్సి వచ్చే తెర ఎంత అందంగా ఉన్నా వద్దంటాను.

కంపెనీ పంపే అప్‌డేట్‌ను వాయిదా వేయకు. మధ్యలో కరెంటు పోతే యూనిట్ మొరాయిస్తుంది కాబట్టి బ్యాటరీ బాగున్నప్పుడు పెట్టు. ఇంజను నడుపుతూ ఉంచమంటే బండి ఆరుబయట నిలుపు, షట్టర్ వేసిన షెడ్డులో వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

సర్వీసు సెంటరుకు వెళ్ళాక తెర బుద్ధిగా పనిచేస్తుంది, వాళ్ళు ఏమీ లేదని పంపేస్తారు. అందుకని తెర ఆగిన క్షణాన పక్కసీటులో ఉన్నవాళ్ళను వీడియో తీయమను. ఆ వేళకు ఫోను కలిపి ఉందా, ఎండలో ఎంతసేపు నిలిపావు, అప్పుడే సెల్ఫ్ కొట్టావా అన్నది రాసిపెట్టుకో. సెట్టింగుల్లోకి వెళ్ళి సాఫ్ట్‌వేర్ వెర్షన్ నంబరు కూడా పక్కనే రాసి, జాబ్ కార్డు మీద అదంతా ఎక్కించాకే తాళం వాళ్ళ చేతికియ్యి.