నాయకుణ్ణి ఎన్నుకునేదెవరు?

మదనపల్లె నుండి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం పోయే బస్సులో ఎన్నికల ప్రస్తావన వస్తే "మా ఓటే ముఖ్యమంత్రిని చేసింది" అన్న మాట వినబడుతుంది. అది సగమే సత్యం. కుప్పం ఓటరు 1989 నుండి శ్రీ నారా చంద్రబాబునాయుడు గారిని శాసనసభకు పంపుతున్న మాట నిజమే. కాని 1995లో ఆయనను తొలిసారి ముఖ్యమంత్రి పీఠమెక్కించిన నిర్ణయం ఓటరుది కాదు. ఆ ఘట్టాన్ని విద్యార్థి మిత్రులకు వివరించడమే మా ఉద్దేశం.

రాజ్యాంగం 164వ అధికరణం ప్రకారం ముఖ్యమంత్రిని నియమించేది గవర్నరు. అయితే మంత్రివర్గం శాసనసభకు సమష్టిగా బాధ్యత వహించాలి కనుక, సభలో అధిక సంఖ్యాకుల మద్దతు గలవారినే ఆయన పిలవవలసి ఉంటుంది. ఆ మద్దతు తేలేది శాసనసభాపక్షంలో, అనగా ఒక పార్టీ పక్షాన గెలిచిన సభ్యుల సమావేశంలో. పార్టీ అధ్యక్ష పదవి వేరు, సభాపక్ష నాయకత్వం వేరు.

1982 మార్చి 29న శ్రీ నందమూరి తారక రామారావు గారు స్థాపించిన తెలుగుదేశంలో ఈ రెండూ ఆయనవే. ఓట్లు పడేది ఆయన పేరు మీద. ఇక పోటీ అన్న ఊహకే తావు లేదు. 1984 ఆగస్టులో శ్రీ నాదెండ్ల భాస్కరరావు గారు గవర్నరు అండతో గద్దెనెక్కినా, సంఖ్యాబలం చూపలేక నెల రోజులకే దిగిపోయారు.

1994 డిసెంబరు ఎన్నికలలో 294 స్థానాలకు 216 గెలిచిన పార్టీ ఏడాది తిరగకముందే చీలింది. శ్రీమతి లక్ష్మీపార్వతి గారి జోక్యం మితిమీరిందని అసమ్మతివర్గం ఆరోపించింది. అల్లుడే వెన్నుపోటు పొడిచాడని రామారావు గారు వాపోయారు. 1995 ఆగస్టులో అధిక సంఖ్యాకులు హైదరాబాదులోని వైస్రాయ్ హోటలులో చేరి చంద్రబాబు గారి పక్షాన నిలిచారు. సభను రద్దు చేయాలన్న రామారావు గారి సిఫార్సును గవర్నరు శ్రీ కృష్ణకాంత్ ఆమోదించలేదు. సభలో బలపరీక్ష దాకా పోకుండానే ఆగస్టు 31న రామారావు గారు రాజీనామా చేయగా, సెప్టెంబరు 1న చంద్రబాబు గారు ప్రమాణ స్వీకారం చేశారు.

ఓటు వేసింది రామారావుకే కదా అనేవారున్నారు. చట్టం దృష్టిలో ఓటు పడింది సభ్యునికి. అందువలన సంఖ్య ఎటు ఉంటే న్యాయం అటే. మాకు తోచే లోపం మరొకటి. జెండా మోసిన కార్యకర్తను ఎవరూ అడుగలేదు! బ్రిటనులో లేబర్ పార్టీ నాయకుని ఎన్నికలో సామాన్య సభ్యులకూ, కార్మిక సంఘాలకూ 1981లోనే వాటా కల్పించింది. మన వద్ద 2010 నవంబరులో పొరుగున ఉన్న పీలేరు శాసనసభ్యులు శ్రీ నల్లారి కిరణ్ కుమార్ రెడ్డి గారు ముఖ్యమంత్రి అయినపుడు, కాంగ్రెస్ సభాపక్షం ఎంపిక భారాన్ని తీర్మానపూర్వకంగా శ్రీమతి సోనియా గాంధీ గారికే అప్పగించింది. అక్కడ తలలు లెక్కించే అవసరం కూడా రాలేదు.