చిప్ మంచిగనే కూర్చుంది, కంప్యూటర్ లేవలేదు

డ్యూటీలో ఉండి ఈ వారం ఎపిసోడ్ వినలేకపోయినవాళ్ల కోసం ఆ ముచ్చటే ఇక్కడ రాస్తున్నా. సెలవుకి పోతూ పిల్లల కంప్యూటర్‌కి ఏదైనా కొనాలనుకునేవాళ్లు తప్పకుండా చదవండి.

మా ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఉంది. హెచ్110 మదర్‌బోర్డ్, అందులో ఐ3-6100. "బాపూ, మస్తు స్లో అయితుంది" అన్నాడు కొడుకు. ఒక శుక్రవారం రియాద్‌లో ఒలయా కంప్యూటర్ మార్కెట్‌కి పోయి, 300 రియాళ్లు పెట్టి వాడిన ఐ5-8400 కొన్నా. బోర్డు సాకెట్ 1151, చిప్‌దీ 1151. ఇంకేం చూడాలి అనుకుని, జగిత్యాల పోయే దోస్తు చేతికిచ్చి పంపినా.

"బాపూ, చిప్ మంచిగనే కూసున్నది గాని స్క్రీన్ మీద ఏం రాట్లే."

వాపస్ ఇద్దామంటే చిప్ జగిత్యాలలో, దుకాణం రియాద్‌లో!

తప్పు ఎక్కడంటే, ఇంటెల్ 2015లో 6వ తరంతో 1151 సాకెట్ తెచ్చింది. 7వ తరం కూడా అందులోనే నడుస్తుంది. 2017 చివర్లో 8వ తరం వచ్చినప్పుడు సాకెట్ ఆకారం, పేరు అవే ఉన్నాయి. కోర్లు పెరిగాయి కాబట్టి, ఖాళీగా ఉన్న కొన్ని పిన్నులకు కరెంటు పని ఇచ్చారు. అందుకే 8, 9 తరాలకు 300 సిరీస్ చిప్‌సెట్ ఉన్న బోర్డే కావాలి. ఇక్కడి పాత బిల్డింగుల్లో 110, 220 రెండూ చూసిన సీనియర్లకు ఇది తెలిసిందే: ప్లగ్గు దూరినంత మాత్రాన సామాను నడవదు.

ఏఎండీలో ఏఎం4 సాకెట్ 2016 నుంచి ఉంది. రైజెన్ మొదటి తరం నుంచి 5000 సిరీస్ దాకా అందులోనే వచ్చాయి. అయినా పాత బోర్డులో కొత్త చిప్ పెట్టాలంటే ముందు బయోస్ అప్‌డేట్ చేయాలి, అది కూడా ఆ బోర్డు లిస్టులో చిప్ పేరు ఉంటేనే. 2022లో వచ్చిన ఏఎం5కి డీడీఆర్5 ర్యామే కావాలి. పాత ర్యామ్ పక్కన పెట్టాల్సిందే.

నాకు రెండు దారులు మిగిలాయి. పాత బోర్డులోనే సెకండ్‌హ్యాండ్ ఐ7-7700 వేస్తే ఖర్చు ఒక్క చిప్‌తో పోతుంది. కానీ విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, ఇంటెల్‌లో 8వ తరానికి ముందున్న మామూలు డెస్క్‌టాప్ చిప్‌లకు విండోస్ 11 అధికారికంగా లేదు. బోర్డు మారిస్తే ఖర్చెక్కువ, కానీ కొన్న చిప్ పనికొస్తుంది. మాది డీడీఆర్4 ర్యామ్ కాబట్టి అదీ మిగులుతుంది. ఊర్లోనే వాడిన హెచ్310 బోర్డు కొనిపించా, దుకాణంలోనే చిప్ పెట్టి, ఆన్ చేసి చూసి తెచ్చాడు. ఇప్పుడు నడుస్తోంది.

మీరు మాత్రం కొనేముందు ఇంటికి ఫోన్ చేయండి. విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి, బేస్‌బోర్డ్ ప్రొడక్ట్ అనే లైను ఫోటో వాట్సాప్‌లో పంపమనండి. ఆ పేరుతో కంపెనీ సైట్‌లో సీపీయూ సపోర్ట్ లిస్ట్ దొరుకుతుంది. అందులో మీ చిప్ ఉందా, ఏ బయోస్ కావాలి అని చూసుకున్నాకే రియాళ్లు తీయండి. ఇంకా పాత హార్డ్ డిస్కే ఉంటే ముందు ఎస్‌ఎస్‌డీ వేసి చూడండి. చాలామందికి చిప్ మార్చే అవసరమే రాదు.

వచ్చే వారం మళ్లీ కలుద్దాం.