ఒకే బంకర్, మళ్ళీ మళ్ళీ

గోల్ఫ్ మైదానంలో పచ్చిక మధ్య తెల్లగా కనిపించే ఇసుక గుంటే బంకర్. బంతి అందులో పడితే బయటికి తీయడం కష్టం. అందుకే ఆటగాణ్ణి ఏడిపించడానికి తవ్వారని చూసేవాళ్ళు అనుకుంటారు. నిజానికి మంచి బంకర్ అతని ముందు బేరం పెడుతుంది: నా అంచు రాసుకుంటూ పోతే దగ్గరి దారి, నన్ను తప్పించుకుంటే చుట్టుదారి.

స్కాట్లండ్ తీరంలో తొలి బంకర్లను ఎవరూ గీసి కట్టలేదు. గాలి కోసిన ఇసుక, చలికి గొర్రెలు ఒదిగిన పల్లాలు బంకర్లుగా మారాయని చెబుతారు. అక్కడి సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో వందకు పైగా బంకర్లు ఉన్నాయి. ఆట సముద్రాలు దాటి, మనిషే గుంటలు తవ్వాల్సి వచ్చాక అసలు చిక్కు మొదలైంది. ప్రతిసారీ కొత్తది ఊహించాలా, బాగున్నదాన్నే మళ్ళీ కట్టాలా?

గోల్ఫ్ కోర్సుల రూపకర్త చార్లెస్ బ్లెయిర్ మెక్‌డొనాల్డ్ రెండో దారి పట్టాడు. బ్రిటన్‌లోని మేటి హోల్స్‌ను పరిశీలించి, వాటి నమూనాలతో అమెరికాలోని లాంగ్ ఐలండ్‌లో నేషనల్ గోల్ఫ్ లింక్స్ అనే కోర్సు కట్టాడు. అందులో నాలుగో హోల్ 'రెడాన్'. దాని మూలం స్కాట్లండ్‌లోని నార్త్ బెర్విక్‌లో 15వ హోల్.

రెడాన్ కిటుకు ఇది. జెండా ఉండే గ్రీన్ ముందు కుడివైపు ఎత్తు, వెనక ఎడమవైపు పల్లం. ఎడమవైపు ముందర లోతైన బంకర్. దాని మీదుగా నేరుగా జెండా మీదికి కొట్టొచ్చు, కానీ నేల అవతలికి వాలి ఉండడంతో బంతి నిలవడం కష్టం. ఆట తెలిసినవాడు బంతిని కుడివైపు దింపి, మిగతా పని వాలుకే వదిలేస్తాడు.

నార్త్ బెర్విక్‌లో అడ్డంగా మిట్ట ఉండడంతో గ్రీన్ సరిగా కనబడదు. లాంగ్ ఐలండ్‌లో అంతా కళ్ళెదుటే. అక్కడ నమ్మి కొట్టాలి, ఇక్కడ ప్రమాదాన్ని చూస్తూ కొట్టాలి. మెక్‌డొనాల్డ్ సహచరుడు, సర్వే పనిలోంచి వచ్చిన సెత్ రేనర్, ఇదే రెడాన్‌ను యేల్‌లోనూ షికాగోలోనూ మళ్ళీ కట్టాడు. ఒకే పల్లవికి గాయకుడు సంగతులు వేసినట్టు, నేల మారేకొద్దీ అదే ఆలోచన కొత్తగా పలికింది. దీన్ని కాపీ అని తీసిపారేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

నాకు విసుగు పుట్టించేది మరో రకం పునరావృతం: ఆటతో పని లేకుండా, కంటికి ఇంపుగా ఉంటుందని అన్నిచోట్లా ఒకే వంపుతో తవ్వే గుంటలు. విస్కాన్సిన్‌లో పీట్ డై రూపొందించిన విస్లింగ్ స్ట్రెయిట్స్ చూడటానికి అద్భుతమే. అయితే అక్కడ బంకర్లు వెయ్యికి దగ్గరగా ఉన్నాయి, చాలావాటి దాకా ఆట రానే రాదు. 2010 పీజీఏ చాంపియన్‌షిప్ చివరి హోల్‌లో డస్టిన్ జాన్సన్ బంతి ప్రేక్షకులు తొక్కిన ఇసుకలో పడింది. అదీ బంకరేనని తట్టక, బంకర్‌లో కొట్టేముందు చేయకూడని పని చేశాడు: క్లబ్‌ను నేలకు ఆనించాడు. రెండు స్ట్రోకుల జరిమానాతో ప్లేఆఫ్ అవకాశం పోయింది. ఇసుకంతా బంకర్ కిందే లెక్కని ముందే రాసి ఇచ్చారు కాబట్టి నిబంధన ప్రకారం తప్పు అతనిదే. కానీ ఆటగాడు బంకర్‌గా గుర్తించని గుంట అతని ముందు ఏ బేరం పెట్టగలదు?