‘రేటు’: పర్యాయపదాలు, వ్యవహార ప్రయోగాలు – అనకాపల్లి బెల్లం మార్కెట్ నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:
ఆంగ్లం నుంచి వచ్చి తెలుగు నిత్యవ్యవహారంలో స్థిరపడిన పదాల్లో ‘రేటు’ ఒకటి. ధర, వెల, ఖరీదు, విలువ, మూల్యం అనే మాటలను దీనికి పర్యాయపదాలుగా భావించడం పరిపాటి. అయితే ప్రయోగంలో ఇవి అన్నిచోట్లా ఒకదాని స్థానంలో మరొకటి ఒదగవు. బెల్లం వ్యాపారం నేపథ్యంగా ఈ పదాల అర్థభేదాలను, ‘రేటు’కు తెలుగులో ఉన్న అసలైన సమానార్థకాలను, శాస్త్ర పరిభాషలో ఆ పదం కలిగించే అస్పష్టతను వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: రేటు, ధర, ఖరీదు, అన్యదేశ్యం, అర్థవిస్తృతి, పరిభాష.

1. ప్రవేశిక
శారదా నదీ తీరంలోని అనకాపల్లి చెరకు సాగుకు, బెల్లం వ్యాపారానికి ప్రసిద్ధం. ఇక్కడి వ్యవసాయ పరిశోధన స్థానం 1913లో ఏర్పడింది. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా కేంద్రమైంది. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి ఇక్కడ ఉంది. రైతులు తెచ్చిన దిమ్మలను రకాన్ని బట్టి వేలంపాటలో అమ్ముతారు. ఇటువంటి చోట ‘రేటు’ అనే మాట రైతు రాబడిని నిర్ణయించే మాట. అందువల్ల దాని అర్థాన్ని పరిశీలించడానికి ఇది తగిన నేపథ్యం.

2. వ్యుత్పత్తి, తెలుగీకరణ
ఆంగ్లపదానికి మూలం లాటిన్‌లో ‘లెక్కించిన’ అనే అర్థమున్న ‘రాటా’. ‘లెక్కకట్టిన వంతు ప్రకారం’ అనే పదబంధం నుంచి ఇది ఫ్రెంచి ద్వారా ఆంగ్లాన్ని చేరింది. కనుక ఈ పదంలో మొదటినుంచీ రెండు రాశుల మధ్య సంబంధం ఇమిడి ఉంది. ఒక ప్రమాణానికి ఇంత అని చెప్పడమే దాని మూలార్థం.

తెలుగులో ఇది అజంతమై ‘రేటు’గా మారింది. కోటు–కోట్లు, నోటు–నోట్లు వలెనే బహువచనంలో ‘రేట్లు’ అవుతుంది. రేటు కట్టడం, రేటు దిగడం, రేటు పడిపోవడం, రేట్లు మండిపోవడం వంటి ప్రయోగాలు తెలుగు క్రియలతో దానికి కుదిరిన పొత్తును చూపుతాయి. అర్థంలోనూ విస్తృతి కలిగింది. ‘ఈ చీర రేటెంత?’ అన్నప్పుడు ప్రమాణంతో సంబంధం లేదు. ఒక వస్తువు మొత్తం వెలనే ఆ మాట సూచిస్తున్నది.

3. పర్యాయపదాల అర్థభేదాలు
వెల: ఇది ద్రావిడ పదం. తమిళ ‘విలై’, కన్నడ ‘బెలె’, మలయాళ ‘విల’ దీని సజాతీయాలు. వ్యవహారంలో కొంత తగ్గినా ‘వెలకట్టలేని’, ‘వెలలేని’ వంటి ప్రయోగాల్లో సజీవంగా ఉంది.

విలువ: దీనిదీ అదే ధాతువు. ప్రాచీన తెలుగులో ‘విలుచు’ అంటే కొనడం. నేడు ‘విలువ’ వస్తువు యోగ్యతను కూడా సూచిస్తుంది. కనుకనే విలువ ఉన్న సరుకుకు ధర లేకపోవచ్చు.

ఖరీదు: పారశీకంలో దీని అర్థం కొనుగోలు. ‘ఖరీదు చేయు’ అనే పాత ప్రయోగంలో ఆ అర్థమే ఉంది. నేడు కొనేవాడు చెల్లించే మొత్తం అనే అర్థంలో ఎక్కువగా వినిపిస్తుంది. ‘ఖరీదైన’ అనే విశేషణం ఈ పదానికే దక్కింది. ‘రేటైన’, ‘ధరైన’ అనే రూపాలు వాడుకలో లేవు.

మూల్యం: ఈ తత్సమం వ్యవహారంలో లాక్షణికార్థానికి పరిమితమైంది. తప్పుకు ‘భారీ మూల్యం’ చెల్లిస్తారు. బెల్లానికి మూల్యం చెల్లించారని అనరు.

ధర: పత్రికలకు, ప్రభుత్వ వ్యవహారానికి ఇది ప్రామాణిక పదం. మద్దతు ధర, ధరల పట్టిక వంటి సమాసాల్లో దీని స్థానం స్థిరం. చెరకుకు కేంద్ర ప్రభుత్వం 2009–10 సీజను నుంచి ‘న్యాయమైన, లాభదాయకమైన ధర’ను నిర్ణయిస్తున్నది. చక్కెర మిల్లుకు వెళ్లే చెరకుకు ఇది వర్తిస్తుంది. అదే చెరకు బెల్లంగా మారితే దాని రాబడి మార్కెట్లో పాటను అనుసరిస్తుంది. ముందుగా ప్రకటించే మొత్తానికి ‘ధర’ అనే పదమే నిలిచింది. నిత్యం మారే మొత్తాన్ని పత్రికలు ‘ధర’ అని, మాట్లాడేవారు ఎక్కువగా ‘రేటు’ అని అంటారు.

ఈ భేదం లెక్కలోనూ ముఖ్యం. ఉదాహరణకు క్వింటాలు రేటు 4,000 రూపాయలు అనుకుంటే, 15 కిలోల దిమ్మ ఖరీదు 600 రూపాయలు. రేటు మారకపోయినా తూకం తగ్గితే ఖరీదు తగ్గుతుంది. ప్రమాణం చెప్పని రేటు అసంపూర్ణం. పది కిలోలకా, క్వింటాలుకా అన్నది తేలనిదే రైతుకు తన రాబడి తెలియదు.

4. చొప్పున, వంతున, లెక్కన
‘రేటు’ మూలార్థానికి సమానార్థకాలను నామవాచకాల్లోనే వెదకడం వల్ల తెలుగులో మాట లేదనే భ్రమ కలుగుతుంది. తెలుగు ఈ భావాన్ని నామం చివర చేరే పదాలతో చెబుతుంది. ‘కిలో నలభై రూపాయల చొప్పున’, ‘మనిషికి రెండు వంతున’, ‘రోజుకు ఐదువందల లెక్కన’ అనేవి ఇందుకు ఉదాహరణలు. ‘చొప్పు’ అంటే జాడ, విధం. ‘వంతు’ అంటే భాగం. లాటిన్ పదబంధంలోని లెక్క, వంతు అనే రెండు భావాలూ తెలుగు వ్యవహారంలో స్వతంత్రంగానే ఉన్నాయి. ‘ఈ రేటున పోతే’ అనే అనుకరణ కంటే ‘ఈ లెక్కన పోతే’ అనడం తెలుగు నుడికారానికి సహజం. అనువాదకులు దీన్ని గమనించాలి.

5. శాస్త్ర పరిభాషలో అస్పష్టత
పాఠ్యపుస్తకాలు వడ్డీ రేటు, వృద్ధి రేటు, జననాల రేటు వంటి పదాలను స్థిరపరిచాయి. వీటిలో ‘రేటు’ మూలార్థంలోనే ఉంది. కాని వ్యవహారంలో అది ‘ధర’గా మారినందువల్ల పాఠకుడు పొరబడే అవకాశం ఉంది. ‘ద్రవ్యోల్బణ రేటు తగ్గింది’ అన్న వాక్యం ‘ధరలు తగ్గాయి’ అన్నట్లు వినిపిస్తుంది. నిజానికి 100 రూపాయల సరుకు ఒక ఏడాది 6 శాతం పెరిగి 106కు, మరుసటి ఏడాది 4 శాతం పెరిగి 110.24కు చేరితే, తగ్గింది పెరుగుదల వేగమే. ధర పెరుగుతూనే ఉంది. అలాగే జనాభా పెరుగుతున్నప్పుడు జననాల రేటు తగ్గినా జననాల సంఖ్య పెరగవచ్చు. ఈ తేడాను వివరించకుండా పదాన్ని మాత్రమే అందిస్తే విద్యార్థికి పరిభాష తెలుస్తుంది, విషయం తెలియదు.

6. ముగింపు
‘రేటు’ తెలుగు పదాలను తొలగించి వాటి స్థానాన్ని ఆక్రమించిందనడం కంటే, ఆ పదాలు తమలో తాము పని పంచుకున్నాయనడం సమంజసం. యోగ్యతకు విలువ, చెల్లించే మొత్తానికి ఖరీదు, ప్రకటిత మొత్తానికి ధర, పర్యవసానానికి మూల్యం ప్రధానంగా నిలిచాయి. ‘రేటు’ను నిషేధించనక్కరలేదు. బోధనలో, అనువాదంలో, పత్రికా రచనలో ‘దేనికి, ఎంత చొప్పున’ అనే ప్రశ్నకు సమాధానం ఉండేలా దాన్ని ప్రయోగించాలి. నిఘంటువులు కూడా పర్యాయాలను వరుసగా పేర్కొనడంతో సరిపెట్టక, ఏ పదం ఏ క్రియతో, ఏ సందర్భంలో కుదురుతుందో ఉదాహరణలతో చూపినప్పుడే వాటి ప్రయోజనం నెరవేరుతుంది.