అడవి యనగా నేమి?

అడవి యనగా నేమని పసివాని నడిగినను చెప్పగలడు: చెట్లు గుబురుగా పెరిగిన చోటు. చట్టము మాత్ర మీ ప్రశ్నకు ఒకే సమాధానము చెప్పుచు రాలేదు. సమాధానము మారినప్పుడెల్ల, రక్షణ గల నేలకును లేని నేలకును నడుమనున్న హద్దు కూడ మారినది.

1976లో 42వ రాజ్యాంగ సవరణవలన అడవులు రాష్ట్ర జాబితానుండి ఉమ్మడి జాబితాలోనికి వచ్చినవి. పిమ్మట 1980లో అటవీ సంరక్షణ చట్టము వెలసినది. గనికి గాని, ఆనకట్టకు గాని అటవీభూమిని వాడదలచిన రాష్ట్రము ముందుగా కేంద్రప్రభుత్వపు టనుమతి పొందవలెనని దాని సారాంశము. అయితే 'అడవి' యను మాటకు ఆ చట్టము నిర్వచన మీయలేదు. ప్రభుత్వము అడవిగా ప్రకటించిన నేలకే యది వర్తించునను భావము కొన్ని రాష్ట్రములలో నేర్పడినది.

1996 డిసెంబరు 12వ తేదీన గోదావర్మన్ వ్యాజ్యములో సుప్రీంకోర్టు ఈ సందేహమును తీర్చినది. నిఘంటువు చెప్పు అర్థమే అడవికి అర్థము; నేల యెవరిదైనను సరే యని తీర్మానించినది. ప్రకటనకు నోచుకొనని అడవులకు సైత మప్పుడు రక్షణ లభించినది.

2023లో పార్లమెంటు చట్టమును సవరించినది. అడవిగా ప్రకటింపబడిన నేలలకును, 1980 అక్టోబరు 25 మొదలుకొని ప్రభుత్వ రికార్డులలో అడవిగా నమోదైన నేలలకును చట్టమును పరిమితము చేసినది. అంతర్జాతీయ సరిహద్దునకు నూరు కిలోమీటర్ల లోపల దేశభద్రతకై వేయు రహదారులవంటి వానికి మినహాయింపు నిచ్చినది. ప్రభుత్వ మేర్పరచు జంతుప్రదర్శనశాలలు, సఫారీలు, పర్యాటక వసతులు అడవికి సంబంధింపని పనులుగా నెంచబడవనియు చెప్పినది. అడవియను ముద్ర పడునేమో యను భయము తొలగిన, సొంత భూములలో జనులు చెట్లు పెంచుదురని ప్రభుత్వ వాదము. రికార్డుల కెక్కని అడవుల గతి యేమని విమర్శకుల ప్రశ్న.

2024 ఫిబ్రవరి 19వ తేదీన సుప్రీంకోర్టు మధ్యంతరోత్తర్వు నిచ్చుచు, 1996 నాటి అర్థమునే రాష్ట్రములు పాటింపవలెననియు, తన యనుమతి లేక జంతుప్రదర్శనశాలలు, సఫారీలు నెలకొల్పరాదనియు ఆదేశించినది.

ఇది ఢిల్లీలో తేలిపోవు తగవు మాత్రమే యని శ్రోతలు తలపరాదు. మీ యూరి కొండవాలున చిట్టడవి యుండవచ్చును. పశువులు మేయుట కచ్చటికే పోవును. పొయ్యిలోనికి పుల్లలు, వేసవిలో తునికాకు అచ్చటినుండియే వచ్చును. అయినను గ్రామపు లెక్కలలో దానిని 'కొండ పోరంబోకు' అని వ్రాసియుండవచ్చును. ఆ యొక్క వ్రాతనుబట్టియే యది అడవి కాదని తేల్చరాదు. కావున అడంగలులోనో, పహాణీలోనో దానిని గూర్చి యేమని యున్నదో, అటవీశాఖవారి లెక్కలలో నది చేరినదో లేదో, గొడ్డలి పడకమునుపే విచారించుట మేలు.