పత్తి చేనుకు పద్దు పుస్తకం

“పంట బాగానే పండింది. చేతిలో మాత్రం పైసా మిగలలేదు.” ఈ మాట మీ ఊళ్లో మీరు వినే ఉంటారు. పంట పండితే డబ్బు ఎందుకు మిగలదు? మొక్క ఎలా పెరుగుతుందో వృక్షశాస్త్రం చెబుతుంది. మరి రైతుకు ఏమి మిగులుతుందో చెప్పే శాస్త్రం ఉందా? ఉంది. దానిని వ్యవసాయ అర్థశాస్త్రం అంటారు.

మన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలనే చూడండి. 2016లో వీటిని చిన్న జిల్లాలుగా విభజించారు కాని నేల మారలేదు కదా! గోదావరికి దక్షిణాన ఉన్న కరీంనగర్ వైపు శ్రీరాంసాగర్ నుండి కాకతీయ కాలువ నీరు వస్తుంది. అక్కడ వరి, మక్క పండిస్తారు. ఉత్తరాన ఆదిలాబాద్ వైపు నల్లరేగడి నేలల్లో పత్తి పండుతుంది. అందులో ఎక్కువ భాగం వానమీదే ఆధారం. ఒకచోట లాభం తెచ్చిన పద్ధతి మరొకచోట నష్టం తేవచ్చు. అందుకే శాస్త్రం రైతు గడప దగ్గరికి రావాలి.

చదువును పొలానికి చేర్చే ఈ పనికి విస్తరణ అని పేరు. అమెరికాలో 1914లోనే ఇందుకొక చట్టం చేశారు. మన రాష్ట్రంలో 1964లో హైదరాబాదు దగ్గర రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. బోధన, పరిశోధన, విస్తరణ – ఈ మూడూ దాని పనులే. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక ఇక్కడి విశ్వవిద్యాలయానికి ప్రొఫెసర్ జయశంకర్ పేరు పెట్టారు. జగిత్యాల దగ్గర పొలాసలోనూ, ఆదిలాబాద్‌లోనూ దాని పరిశోధనా స్థానాలున్నాయి. జిల్లాలలో రైతులకు సలహా లిచ్చే కేంద్రాలకు పెట్టిన పేరు మరీ బాగుంది – ‘ఏరువాక కేంద్రం’!

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. అంకెలు ఊహించినవే. ఎకరం చేనులో 8 క్వింటాళ్ల పత్తి వచ్చింది. క్వింటాలు 7,000 రూపాయల చొప్పున రాబడి 56,000. విత్తనం, దున్నకం, ఎరువులు, మందులు, కలుపుతీత, పత్తి ఏరిన కూలి, బండి కిరాయి – చేతినుండి పెట్టిన ఖర్చు మొత్తం 34,000. మిగిలింది 22,000. లాభమే అనిపిస్తుంది.

ఆగండి! అమ్మా నాన్నా ఆ చేనులో 40 రోజులు పనిచేశారు. అదే పని మరొకరి చేనులో చేస్తే రోజుకు 300 వచ్చేవి. ఆ 12,000 తీసేస్తే మిగిలేది 10,000. భూమిని కౌలుకిచ్చి, సొంత పెట్టుబడిని వడ్డీకిస్తే 12,000 వచ్చేవనుకోండి. అదికూడా తీసేస్తే? 2,000 నష్టం! చేను అదే, పంట అదే. లెక్క పూర్తిచేస్తే జవాబు మారింది.

ఈ లెక్కలు ఒక్క ఇంటికే పరిమితం కావు. పంటల సాగు ఖర్చు తెలుసుకొనే పథకం దేశంలో 1970-71లో మొదలైంది. చాలా రాష్ట్రాలలో దానిని వ్యవసాయ విశ్వవిద్యాలయాలే నడుపుతాయి. ఎంపిక చేసిన ఊళ్లో ఉద్యోగి ఉండి, రైతుల ఖర్చులను ఎప్పటికప్పుడు రాసుకుంటాడు. కనీస మద్దతు ధరను సిఫారసు చేసేటప్పుడు ఈ లెక్కలనే చూస్తారు. ఇంటివారి శ్రమ ఆ పుస్తకంలోకి ఎక్కకపోతే, ఆ శ్రమకు విలువ కట్టేదెవరు?

మరొక సంగతి. ఒక బస్తా ఎరువు వేస్తే దిగుబడి 100 కిలోలు పెరిగిందనుకోండి. రెండో బస్తాకు 60 కిలోలే పెరిగింది. మూడో బస్తాకు 15 కిలోలు. దీనినే క్షీణ ప్రతిఫల సూత్రం అంటారు. కిలో పత్తి 70 రూపాయలైతే ఆ 15 కిలోల విలువ 1,050. బస్తాకూ, కూలికీ కలిపి 1,500 ఖర్చయితే మూడో బస్తా నష్టమే. ఎక్కువ పండించడం వేరు, ఎక్కువ మిగుల్చుకోవడం వేరు.

పద్దు పుస్తకం వాన కురిపించదు, మార్కెట్టులో ధరనూ పెంచదు. కాని అప్పు చేసి కొన్న ఏ బస్తా దండగో, వచ్చే ఏడు ఏ పంట తగ్గించాలో, పత్తితోపాటు కంది వేస్తే ఏమి మిగులుతుందో చూపిస్తుంది.

ఈ వానకాలం మీరూ ఒక పని చేయండి. పాత నోటుపుస్తకంలో నాలుగు గడులు గీయండి: తేదీ, పని, చేతి ఖర్చు, ఇంటివారు పనిచేసిన రోజులు. ప్రతి సాయంత్రం ఇంట్లో అడిగి నింపండి. పంట అమ్మిన రోజున కూడికలు, తీసివేతలు చేసి పెద్దలకు చదివి వినిపించండి. పొలం లేనివారు పక్కింటి రైతును అడిగి రాయవచ్చు. వచ్చే ఏడు విత్తనం కొనేముందు ఆ పుస్తకాన్ని ఇంట్లోవారంతా కలిసి ఒకసారి తెరిచి చూడండి.